గడప దాటిన గొంతు

మా అక్క బస్టాండులో అనౌన్సరు. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందే ఆమె గొంతు నాకు తెలుసు. ఊళ్లో ఎవరికి తెలియదు గనక! "ప్రయాణికులకు గమనిక" అని ఆమె అంటే చాలు, కింద పెట్టిన సంచులు చేతుల్లోకి వచ్చేవి, సగం తాగిన టీ గ్లాసులు బల్లల మీదే ఉండిపోయేవి. అయినా ఎవరూ కంగారుపడేవాళ్లు కాదు. ఎంత ఆలస్యంగా వచ్చినవాడికైనా ఆ గొంతు వింటే, పరవాలేదు, బస్సు నన్ను వదిలేసి పోదులే అనిపించేది.

ఆ గొంతంటే గిట్టనిది మా అత్తగారొక్కరికే. అక్క కాపురానికి వచ్చిన కొత్తలో, "ఆడదాని గొంతు గడప దాటకూడదంటారు, మా కోడలి గొంతు ఏకంగా బస్సెక్కి పొరుగూరు పోతుంది" అని ఇంటికొచ్చినవాళ్లందరి దగ్గరా వాపోయేదట. ఇన్నేళ్లలో ఆ మాట అరగనూ లేదు, తరగనూ లేదు. అక్క ఎదురు చెప్పేది కాదు. నా దగ్గర మాత్రం, "నాకైతే మైకు కావాలి. ఆవిడకి అదీ అక్కర్లేదు" అని కన్ను గీటేది. అదీ నిజమే. మా మామగారు బతికున్న రోజుల్లో అత్తగారు వంటింట్లోంచి పిలిస్తే వీధి మలుపులో ఉన్న ఆయన చెప్పులు వాటంతటవే వెనక్కి తిరిగేవని చెప్పుకుంటారు.

జబ్బు వచ్చి ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు బస్సులు ఆగిపోయాయి. పెళ్లిళ్లూ సభలూ ఆగిపోయాయి. బావగారిది మైకుసెట్ల వ్యాపారం. సభలు లేనప్పుడు గోడౌను దేనికని సామానంతా ఇంటికి చేర్చాడు. మంచాల కింద స్పీకర్లు, మెట్ల కింద స్పీకర్లు. బీరువా తలుపు తీయాలంటే ముందు ఒక స్పీకరుని బతిమాలి పక్కకు జరపాలి. నా కుట్టుమిషను కూడా రెండు స్పీకర్ల నడుమ ఇరుక్కుపోయింది. మా ఆయన నీళ్ల పంపుహౌసులో ఆపరేటరు కాబట్టి ఇంట్లో ఆయనొక్కడే బయటికి వెళ్లి వచ్చేవాడు. వచ్చాక పెరట్లోనే స్నానం చేసి, దూరంగా కూర్చుని తినేవాడు.

మాది ఒకటే దారి ఉన్న వీధి. ఒక చివర గేటు, రెండో చివర గోడ. వీధికొక కమిటీ, కమిటీకొక ప్రెసిడెంటుగారు. ఆయన ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. దిగాడు గానీ కుర్చీ మాత్రం వెంట తెచ్చుకున్నట్టుండేవాడు. గేటుకి తాళం వేయించాడు. ఎవరు ఎప్పుడు బయటికి రావాలో కాగితాలు అంటించాడు. అందులో కొన్ని మంచివే, కాదనను. మూతికి గుడ్డ కట్టుకోమన్నాడు, గుంపులు కట్టొద్దన్నాడు. అక్క కూడా అవే చెప్పేది.

ఆ మొదటి రోజుల్లో వీధంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. పక్కింట్లో గ్లాసు కింద పడినా ఉలిక్కిపడేవాళ్లం. అక్కయితే మధ్యాహ్నం కునుకులో కూడా, "మూడో నంబరు ప్లాట్‌ఫారం..." అని గొణిగేది. బావగారు, "బస్సుల్లేవే, పడుకో" అని దుప్పటి కప్పేవాడు.

ఒక పొద్దున కూరగాయల బండి వచ్చింది. చాలా రోజులకి వచ్చిన బండి. బెల్లానికి చీమల్లా పట్టేశారు జనం. ప్రెసిడెంటుగారు తన గేటు లోపల నుంచి "దూరం! దూరం!" అని అరుస్తున్నాడు. వినేవాడెవడు? బండాయన త్రాసు నెత్తిమీదకి ఎత్తిపట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. మేడ మీద నుంచి చూస్తున్న అక్క గబగబా లోపలికి వచ్చి మంచం కింది నుంచి చిన్న స్పీకరు ఒకటి లాగింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు బావగారు.

"డ్యూటీ" అంది అక్క.

"ప్రయాణికులకు గమనిక" అని వినపడేసరికి వీధి వీధంతా తల పైకెత్తింది. "కూరగాయల బండి మన వీధిలోనికి వచ్చి ఉన్నది. ఎడమ పక్క ఇళ్లవారు ముందుగాను, కుడి పక్క ఇళ్లవారు తరువాతను, మనిషికీ మనిషికీ నడుమ రెండు గొడుగులు తెరిచినంత ఎడంగా నిలబడవలసిందిగా కోరడమైనది. వంకాయలు అందరికీ సరిపోవును. తొక్కిసలాట అనవసరం."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతూనే విడిపోయి వరసలో నిలబడ్డారు. అంతసేపు అరిచిన ప్రెసిడెంటుగారు నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆయన అక్కమీద కత్తి కట్టింది ఆ పూటే అనుకుంటాను.

ఆ సాయంత్రం రెండిళ్ల అవతల ఉండే లైబ్రరీ మేడం కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆవిడ గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే వేలు మూతిమీద పెట్టడమే ఆవిడ ఉద్యోగం కాబట్టి ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడేది. "మా పిల్లి కనపడటం లేదు, కాస్త చెప్తారా?" అంది. అక్క చెప్పింది. పిల్లి దొరికింది. అక్కడితో మొదలైంది.

రోజూ ఎండ తగ్గాక అక్క మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చునేది. వీధివాళ్లు చీటీలు రాసి మా గేటుకి కట్టిన బుట్టలో వేసేవాళ్లు, కొందరు ఫోన్లు చేసేవాళ్లు. "మన వీధి కుళాయికి రావలసిన నీళ్లు పంపుహౌసులో మరమ్మతు కారణంగా అరగంట ఆలస్యముగా నడుచుచున్నవి" అనేది. మా ఆయన సిగ్గుతో తలుపు చాటుకి పోయేవాడు. "రెండో ఇంటి సారు ఈ రోజు మొట్టమొదటిసారిగా అన్నం వండినారు. అన్నం గమ్యస్థానం చేరలేదు. గిన్నె తోముటకు ఇసుక ఉన్నవారు ఇవ్వగలరు." ఆ సారు తన కిటికీలోంచి మాడిన గిన్నె పైకెత్తి చూపించాడు. ఎవరి పిల్లకి పళ్లు వచ్చాయి, ఎవరి దుప్పటి గాలికి ఎవరి మేడమీద పడింది, ఎవరింట్లో పేకముక్కల్లో ఒక రాణి తప్పిపోయింది, అన్నీ ఆ అరగంటలో తేలిపోయేవి.

"ఊరు ఏడుస్తుంటే ఈ ఆటలేంటే?" అని అత్తగారు సణిగేది. సణుగుతూనే ఆ టైముకి కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర చేరేది. ఒకరోజు "ఆ పళ్లొచ్చిన పిల్ల పేరు చెప్పలేదేం?" అని అక్కని నిలదీసింది కూడా.

వీధి చివరింట్లో ఒక టాక్సీ డ్రైవరూ అతని భార్యా ఉండేవాళ్లు. ఎవరికి ఒళ్లు వెచ్చబడ్డా ఆంబులెన్సు రావడానికి గంటలు పడుతున్న రోజులవి. టాక్సీ ఆయన మాత్రం పిలిస్తే పలికేవాడు. వెనక సీటుకీ తనకీ మధ్య ప్లాస్టిక్ గుడ్డ కట్టుకుని ఎంతమందిని ఆసుపత్రికి చేర్చాడో. ప్రెసిడెంటుగారి బావమరిదిని చేర్చింది కూడా అతనే. చివరికి అతనికే జబ్బు తగిలింది. డాక్టరు ఫోన్లో మందులు చెప్పి ఇంట్లోనే ఉండమన్నాడు.

మర్నాడు పొద్దున టంగ్ టంగ్ అని సుత్తి చప్పుడు. చూస్తే కమిటీవాళ్లు టాక్సీ ఆయన గేటుకి ఇనప రేకు కొట్టిస్తున్నారు. లోపలి నుంచి గొళ్లెం తీసుకోవడానికి కూడా లేకుండా, పైనుంచి కిందిదాకా. అతని భార్య కిటికీ ఊచలు పట్టుకుని, "పాలెలా తీసుకోవాలండీ? మందులెలా?" అని అడుగుతోంది. వడ్రంగి తల ఎత్తలేదు. పాలవాళ్లనీ బండ్లవాళ్లనీ ఆ ఇంటి దాకా పోవద్దని ప్రెసిడెంటుగారు గేటు దగ్గరే ఆపేశాడు.

ఆ పూట అక్క సాయంత్రం దాకా ఆగలేదు.

"ప్రయాణికులకు గమనిక. వీధి చివరి ఇంటికి పోవలసిన పాలు ఇంకను బయలుదేరలేదు. కారణం, కమిటీ. ఆ ఇంటాయన బండెక్కి ఆసుపత్రికి పోయి తిరిగివచ్చిన వారు ఈ వీధిలో ఎందరో ఉన్నారు. వారి పేర్లు చదవవలసిన అవసరం రాకుండునని ఆశిస్తున్నాము."

అప్పుడు మూల మీద బడ్డీకొట్టు నడిపే ఆవిడ తలుపు తీసింది. మూతికి గుడ్డ కట్టుకుని, చేతిలో పాల సీసా, సంచిలో రొట్టె పట్టుకుని నడిరోడ్డు మీద నడుచుకుంటూ పోయింది. రేకు పక్కన గోడమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, "తీసుకో అమ్మా, నేను పోయాకే తీసుకో" అని కేకేసింది. ఆ తర్వాత మరొకరు మందులు తెచ్చారు. మాడిన గిన్నె సారు అన్నం వండి పంపుతానన్నాడు. ఆ ఒక్కటీ వద్దని చెప్పాం.

ప్రెసిడెంటుగారు ఊరుకుంటాడా? మర్నాడే ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కానిస్టేబుల్ పాపం నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు.

"అమ్మా, పర్మిషను లేకుండా మైకు పెట్టకూడదమ్మా. కంప్లయింటు వచ్చింది. ఇంకోసారి వినపడితే సెట్లు పట్టుకుపోవాల్సి వస్తుంది" అన్నాడు.

బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటినిండా ఉన్న ఆ పెట్టెలే ఆయన జీవితం. అక్క ఆయన వైపు చూసింది. స్పీకరు తీగ పీకి, చుట్టచుట్టి, ఆయన చేతిలో పెట్టింది. ప్రెసిడెంటుగారు మీసం కింద నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం అయింది. అలవాటు కొద్దీ అందరూ కిటికీల్లోకీ బాల్కనీల్లోకీ వచ్చి నిలబడ్డారు. అక్క కూడా మేడ మీదకి వెళ్లింది. వెనకాలే నేను.

"వద్దక్కా, గొడవలెందుకు?" అన్నాను.

"మైకు పెట్టొద్దన్నాడు గానీ నోరు పెట్టుకోవద్దన్నాడా?" అంది.

పిట్టగోడ మీదకి వంగి గట్టిగా అరిచింది. కానీ మైకు గొంతు వేరు, అరిచే గొంతు వేరు. అంతకాలం మైకు దగ్గర మెత్తగా మాట్లాడి అలవాటైన గొంతు అది. రెండిళ్లు దాటకుండానే గాలిలో కలిసిపోయింది. అవతలివాళ్లు చెవులకి చేతులు అడ్డం పెట్టుకుని, "ఏంటి? ఏంటి?" అంటున్నారు. అక్క మళ్లీ అరిచింది. దగ్గొచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు లైబ్రరీ మేడం తన కిటికీ బార్లా తెరిచింది. అటు తిరిగి, ఆ గుసగుసల మేడమే, గొంతు చించుకుని అరిచింది: "చివరింటాయనకి జ్వరం తగ్గిందట! రేపటి పాలు ఎవరు ఇస్తారని అడుగుతున్నారు!"

దాన్ని మాడిన గిన్నె సారు అందుకున్నాడు. ఆయన దగ్గర్నుంచి బడ్డీకొట్టావిడ. అలా ఇంటి నుంచి ఇంటికి మాట పాకుతూ పాకుతూ వీధి చివర టాక్సీ ఆయన కిటికీ దాకా పోయింది. కాసేపటికి అటునుంచి మాట తిరుగు ప్రయాణం కట్టింది. "పాలు చాలట! గొంతులో మంట తగ్గలేదట! అందరికీ దండాలట!" మధ్యలో ఎవరో ఒక మాట జారవిడవడం వల్ల 'గొంతులో మంట' కాస్తా మా దగ్గరకి వచ్చేసరికి 'ఇంట్లో మంట' అయి, కాసేపు హడావుడి జరిగిందనుకోండి. తర్వాత సర్దుకుంది. దీనికి ఏ పర్మిషనూ అక్కర్లేదు. కిటికీలోంచి పక్కింటివాళ్లతో మాట్లాడొద్దని ఏ చట్టంలో ఉంది?

కొన్ని రోజులు అలా నడిచాక అక్కకి జ్వరం తగిలింది.

ఎక్కడ అంటుకుందో ఎవరు చెప్పగలరు? మేడ మీది గదిలో పడక వేశాం. అన్నం, నీళ్లు, మందులు గుమ్మం బయట పెట్టి నేను మెట్లు దిగాక తను తలుపు తీసేది. గొంతు పూర్తిగా పోయింది. ఊరంతా విన్న గొంతు, గ్లాసుడు నీళ్లు అడగడానికి కూడా రావడం లేదు.

అత్తగారిని పైకి వెళ్లనివ్వలేదు నేను. ఆవిడ వయసుకి ఆ జబ్బు తగిలితే ఇంకేమన్నా ఉందా? ఆవిడ నా మాట వినే రకం కాదు గానీ ఆ ఒక్కటీ విన్నది. వినేసి, మెట్ల కింద స్పీకరు పెట్టె మీద కూర్చుండిపోయింది. అక్కడి నుంచే పైకి కేకలు.

"ఏమే పెద్దదానా! ఉన్నావా?"

పైనుంచి చెంచాతో కంచం మీద ఒక దెబ్బ వినపడేది. ఉన్నానని.

"మందు వేసుకున్నావా?"

మరో దెబ్బ.

"తిన్నావా?"

చప్పుడు లేదు.

"తినకపోతే ఊరుకోను. నేనే పైకి వస్తా!"

వెంటనే కంచం గణగణలాడేది. అత్తగారు కళ్లు తుడుచుకుని, చుట్టూ చూసి, "ఈ పెట్టెలనిండా ఒకటే దుమ్ము" అనేది.

అలాంటి పూట సుత్తి మా ఇంటికి వచ్చింది. ప్రెసిడెంటుగారు, కమిటీవాళ్లిద్దరు, వడ్రంగి, భుజం మీద రేకు. బావగారు గేటు దగ్గరకి పరుగెత్తి చేతులు జోడించాడు. "అయ్యా, మేం బయటికి రాము. రేకెందుకు? ముసలావిడ ఉంది, ఉన్నట్టుండి ఏదన్నా అయితే?"

"రూలు అందరికీ ఒకటే" అన్నాడు ప్రెసిడెంటుగారు. "కొట్టవోయ్."

నా వెనక పెట్టె కిర్రుమంది. చూస్తే అత్తగారు లేచింది. పక్కకి తప్పుకోమన్నట్టు నన్ను మోచేత్తో నెట్టి, వాకిట్లోకి వచ్చి, మూతికి కట్టిన గుడ్డ బిగించుకుంది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"వీధిలో ఉన్నవాళ్లందరికీ చెప్తున్నా!"

మైకు పక్కన పెట్టండి, ఆ గొంతుకి ఎక్కడో కుక్కలు మొరిగాయి. వడ్రంగి మేకు జారవిడిచాడు.

"నా కోడలికి జ్వరం! జ్వరం వచ్చింది గానీ అది దొంగతనం చెయ్యలేదు! జబ్బుమనిషిని గదిలో పెట్టుకోవడం మాకు తెలుసు, పశువుని దొడ్లో పెట్టినట్టు గేటుకి రేకు కొట్టనివ్వం! కొట్టారో, ఈ గోడ దూకైనా వచ్చి ఆ ప్రెసిడెంటు గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చుంటా! కూర్చుని దగ్గుతా కూడా!"

ఆ మాటలకి రెండోవాళ్ల సాయం అక్కర్లేదు, వీధి చివరిదాకా సూటిగా పోగలవు. కానీ అలవాటు అలవాటే కదా. లైబ్రరీ మేడం కిటికీ తెరుచుకుంది. అక్షరం పొల్లుపోకుండా, "గోడ దూకైనా వస్తారట! పీట వేసుకుని కూర్చుంటారట! దగ్గుతారట కూడా!" అంది. మాడిన గిన్నె సారు అందుకున్నాడు. బడ్డీకొట్టావిడ అందుకుని తన సొంతంగా రెండు తిట్లు కలిపింది. ఒక్కో కిటికీ తెరుచుకుంటోంది, ప్రెసిడెంటుగారిని తిట్టిన తిట్లు ఆయన కళ్ల ముందే ఇంటింటికీ నడుచుకుంటూ పోతున్నాయి. ఆయన మెడ ఆ ఇంటి వైపు, ఈ ఇంటి వైపు తిరుగుతోంది.

వరసలో ఆయన ఇల్లు కూడా వచ్చింది. ఆ ఇంటి బాల్కనీలో ఆయన భార్య నిలబడి ఉంది. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో వీధిలో ఎవరికీ తెలియదు. నేనైతే నవ్వడం కూడా చూడలేదు. తిట్లు ఆవిడ దగ్గరకి వచ్చి ఆగాయి. వీధంతా ఆగింది.

ఆవిడ భర్త వైపు చూసింది. పిట్టగోడ పట్టుకుంది.

"మన గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చుంటారట!" అని గొంతెత్తి అంది. వణికింది గానీ స్పష్టంగానే ఉంది. "దగ్గుతారట కూడా! ఆవిడ పక్కన ఇంకో పీట వేసుకుని నేనూ కూర్చుంటా! మా తమ్ముణ్ణి ఆసుపత్రికి మోసుకుపోయినవాడి గేటుకి రేకు కొట్టినరోజే కూర్చోవాల్సింది!"

ఎవరూ నవ్వలేదు. ఎవరో చప్పట్లు కొట్టడం మొదలుపెట్టి, మళ్లీ ఆపేశారు.

వడ్రంగి కిందపడ్డ మేకు వెతికి జేబులో వేసుకున్నాడు. రేకు మళ్లీ భుజానికెత్తుకుని, "నాకు పని ఉంది సార్" అని వీధి చివరి వైపు నడిచాడు. టాక్సీ ఆయన గేటుకి తను కొట్టిన రేకు తనే పీకడం మొదలుపెట్టాడు. ప్రెసిడెంటుగారు కొంచెంసేపు రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఇంటికి వెళ్లాలంటే ఆ బాల్కనీ కిందనుంచే వెళ్లాలి. చివరికి తల దించుకుని అలాగే వెళ్లాడు. కమిటీ కాగితాలు అంటించడం తర్వాత కూడా మానలేదు గానీ రేకుల మాట మళ్లీ ఎత్తలేదు.

అత్తగారు లోపలికి వచ్చి కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగింది. "మరీ ఎక్కువ మాట్లాడానంటావా చిన్నదానా?" అంది.

పైనుంచి కంచం మోగింది. ఆగకుండా మోగింది. సొట్టలు పడేట్టు మోగింది.

అక్క కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఈ లోపల సాయంత్రాలు అత్తగారే వీధికి కబుర్లు చెప్పేది. ఆవిడ కబుర్లలో సగం ఆరాలే. "రెండో ఇంటి అబ్బాయీ, నిన్న మీ ఇంట్లో ఆ అరుపులేంటి?" అని అందరి ముందూ అడిగేసేది. అయినా ఎవరూ కిటికీలు మూసుకోలేదు.

అక్కకి గొంతు తిరిగి వచ్చింది గానీ మునుపటి గొంతు కాదు. బొంగురుగా, రంపంతో చెక్క కోస్తున్నట్టుగా వచ్చింది. ఇక ఇంతేనన్నాడు డాక్టరు. బస్సులు మొదలయ్యాయి. డ్యూటీలో చేరిన రోజు నేనూ వెంట వెళ్లాను. మేనేజరు మంచివాడే. "పార్సిలు కౌంటర్లో కూర్చోండమ్మా. కంప్యూటరు గొంతు పెట్టిద్దామనుకుంటున్నాం. ఈ గొంతుతో కష్టం కదా" అన్నాడు.

అక్క చిరాకుపడలేదు, బతిమాలలేదు. అద్దాల గదిలోకి వెళ్లి, కుర్చీ ముందుకు లాక్కుని, మైకు దుమ్ము చేత్తో తుడిచి స్విచ్చి వేసింది.

"ప్రయాణికులకు గమనిక."

బస్టాండంతా తలెత్తింది. ఒకామె పక్కనున్నామెతో, "గొంతేంటి ఇలా ఉంది?" అంది. అక్క అదే బొంగురు గొంతుతో, ఏ తొందరా లేకుండా, ఏ బస్సు ఎక్కడ ఉందో, ఎప్పుడు కదులుతుందో చెప్పింది. మళ్లీ ఒకసారి చెప్పింది. సంచులు లేచాయి. జనం కదిలారు. ఆ ఆడవాళ్లిద్దరూ కూడా పరుగెత్తుకెళ్లి సరైన బస్సే ఎక్కారు.

అక్క స్విచ్చి ఆపి మేనేజరు వైపు తిరిగింది.

"అర్థమైంది కదండీ వాళ్లకి? ఇంక చాలు. తర్వాతి బస్సు ఏదో చెప్పండి."